లింకు వస్తుంది, పోతుంది

చెప్పులు బయట విడిచి లోపలికి రండి. నిజాంపట్నం హార్బరు రోడ్డులో పదడుగుల గది ఇది. ఒక డెస్క్‌టాప్, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను, గోడకి లామినేషన్ రేట్ల కాగితం. ఫ్యాను తిరుగుతున్నా చొక్కా వీపుకి అంటుకుపోతోంది. జూన్ రెండో వారం. వేట నిషేధం ముగింపుకొచ్చింది. ఏప్రిల్ 15న ఆగిన మరబోట్లు 61 రోజుల తర్వాత, జూన్ 14 అర్ధరాత్రి దాటాక మళ్లీ సముద్రంలోకి వెళ్తాయి. అందుకే ఊరంతా హడావుడి. హార్బరు వైపు నుంచి ఎండుచేపల వాసనలో కలిసి కొత్త రంగుల వాసన వస్తోంది.

గదిలో నలుగురున్నారు. బోటు కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఒక పెద్దాయన స్టూలు మీద కూర్చున్నాడు. డిగ్రీ కాలేజీ దరఖాస్తు కోసం ఒకమ్మాయి, ఆమె వెనక తల్లి. కంప్యూటరు ముందు షాపు యజమాని. తెరకి కింద కుడి మూలన భూగోళం బొమ్మ, దాని మీద అడ్డగీత.

‘‘పొద్దుటాల్నించీ ఇదే వరస. అయిదు నిమిషాలు వచ్చిద్ది, పది నిమిషాలు పోద్ది,’’ అంటాడాయన, ఎవరినీ ఉద్దేశించకుండా.

అప్పుడే స్కూటీ ఆగిన చప్పుడు. రేపల్లె నుంచి వచ్చిన మెకానిక్ అమ్మాయి. పాలిటెక్నిక్ చదివి, హార్డ్‌వేర్ పని నేర్చుకుంది. భుజాన బ్యాగు, చేతిలో చిన్న టార్చి.

‘‘మదర్‌బోర్డు పోయిందంట కదమ్మా? ఫోన్లో అడిగితే ఒకాయన అట్టానే చెప్పాడు. కొత్తది వెయ్యాలన్నాడు.’’

‘‘చూడకుండానే చంపేస్తే ఎట్టా బాబాయ్? ముందు నెట్టు పెట్టె చూద్దాం పదండి.’’ టార్చి మీ చేతిలో పెడుతుంది. ‘‘మీరు కూడా రండి. రెండో చెయ్యి కావాలి.’’

నెట్టు పెట్టె షాపులో లేదు, వెనక సందులో ఉన్న ఆయన ఇంట్లో ఉంది. మన రాష్ట్రంలో చాలా ఊళ్లలోలాగే ఇక్కడా ఫైబరు తీగ కరెంటు స్తంభాల మీదుగా వచ్చి ఇంట్లోకి దిగింది. పెట్టె మీద పాన్ దీపం నిలకడగా వెలుగుతోంది. ఎల్‌ఓఎస్ దగ్గర ఎరుపు లేదు. ఎరుపు వెలిగితే ఫైబరు ఎక్కడో తెగిందన్నమాట, అప్పుడు కంప్యూటరు విప్పడం దండగ. అమ్మాయి తన ఫోన్ని ఆ పెట్టె వైఫైకి కలిపి ఓ వీడియో పెడుతుంది. ఆగకుండా ఆడుతోంది.

‘‘బయటి లైను బాగానే ఉంది. గొడవంతా ఈ పెట్టెకీ, షాపులో కంప్యూటరుకీ మధ్యే.’’

పెట్టె వెనక నుంచి ఒక నీలం ల్యాన్ వైరు కిటికీలోంచి బయటకెళ్లి, మేడెక్కి, పిట్టగోడ వెంబడి పాకి, షాపు వెంటిలేటర్లో దూరింది. మేడ మీదకెళ్లి చూస్తే ఎండకి దాని తొడుగు తెల్లబారి, అక్కడక్కడా పగుళ్లు తీసింది. రాగి తీగ మీద ఈథర్నెట్‌కి హద్దు 100 మీటర్లు. ఇది అందులో సగం కూడా ఉండదు. దూరంతో పేచీ లేదు. పేచీ ఉంటే అది ఆరుబయట పడుండటంతోనే.

కిందికి దిగేసరికి పిన్నిగారు మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చింది. ‘‘మొన్న రాత్రి ఉరుములకి ఇల్లు అదిరిపోయిందమ్మా. మెరుపు మెరుపుకీ తెల్లారినట్టే ఉంది. టీవీ ప్లగ్గు పీకాం. షాపుకి పరిగెత్తి కంప్యూటరు ప్లగ్గూ పీకించా.’’

‘‘మంచిపని చేశారు. మరి ఈ నీలం వైరో?’’

‘‘దాంట్లో కరెంటు ఉండదుగా!’’

అమ్మాయి మజ్జిగ తాగి గ్లాసు ఇచ్చేస్తుంది, ఏమీ అనదు.

షాపులోకొచ్చాక ఆమె చేసే మొదటి పని చూడండి. డెస్క్‌టాప్ వెనకున్న వైరు ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కి పెడుతుంది. దీపం వెలిగింది. వేగం ఒక గిగాబిట్ అని చూపిస్తోంది. అయిదు నిమిషాలు ఆగి చూసినా తెగలేదు. అదే వైరు డెస్క్‌టాప్‌కి పెడితే చీకటి. తొడుగు ఎంత పగిలినా వైరు లోపల ఎనిమిది తీగలూ బతికే ఉన్నాయి. పెట్టె తప్పు లేదు, వైరు తప్పు లేదు. రెండు పరీక్షల్లో సగం ఊరు తిరగాల్సిన పని తప్పింది. ఒకసారి ఒక్కటే మార్చాలి. వైరూ, డ్రైవరూ, పోర్టూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

‘‘టార్చి ఇటు కొట్టండి.’’

కంప్యూటరు ఆపేసి, ప్లగ్గు పీకి, క్యాబినెట్‌ని గోడ దగ్గర్నించి జరిపారు. యూఎస్‌బీ సాకెట్ల పక్కన చదరపు రంధ్రం, దాన్నే ఆర్‌జే 45 పోర్టు అంటారు. లోపల ఎనిమిది సన్నని బంగారు రంగు పిన్నులు వంగి ఉంటాయి. వెలుగు సూటిగా పడగానే అందులో రెండు పిన్నుల మొదట్లో ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. చిలుము. ఇంట్లో రాగిచెంబు తోమకుండా వదిలేస్తే పట్టేది ఇదే. పిన్ను పైన బంగారు పూత అతి పలచన. అది అరిగిన చోట ఉప్పుగాలి లోపలి లోహాన్ని తినేస్తుంది. సముద్రానికి ఇంత దగ్గర్లో, ఏసీ లేని గదిలో, ఏళ్ల తరబడి తెరిచుంచిన పోర్టుకి ఇది మామూలే.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు మెత్తటి బ్రష్షుకి అద్ది, పిన్నుల వెంబడి మెల్లగా గీస్తుంది. అడ్డంగా రుద్దితే పిన్ను వంగిపోతుంది. ఆరనిచ్చి, వైరు పెట్టి, కంప్యూటరు వేస్తే పోర్టు పక్కన పచ్చదీపం వెలిగింది, పసుపుది మిణుకుమంటోంది. గదిలో అందరి మొహాలూ విప్పారాయి. పెద్దాయన కవర్లోంచి కాగితాలు తీశాడు. యజమాని స్కాన్ చేసి, ఫైలు ఎక్కిస్తున్నాడు. నలభై శాతం, యాభై, అరవై...

దీపం ఆరిపోయింది.

‘‘నే చెప్పలా?’’ యజమాని కుర్చీలో వెనక్కి వాలిపోతాడు.

అమ్మాయి మాత్రం మొహం చిట్లించకుండా నల్ల కిటికీ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడుతుంది. ఈలోగా లింకు మళ్లీ వచ్చింది గానీ అడ్రసు 169.254తో మొదలవుతోంది. పెట్టె ఇచ్చే అడ్రసు 192.168తో ఉండాలి. ఎవరూ అడ్రసు ఇవ్వనప్పుడు విండోస్ తనకు తానే పెట్టుకునేది ఈ 169.254. అంటే దీపం వెలిగినా మాట అవతలికి చేరడం లేదు. తర్వాత 127.0.0.1కి పింగ్ కొట్టింది. టకటకా నాలుగు జవాబులు.

‘‘పనిచేస్తోందిగా!’’ అన్నాడు పెద్దాయన.

‘‘ఇది కార్డు దాకా పోదు తాతా. విండోస్ తనతో తను మాట్లాడుకుంటదంతే. లోపలి సాఫ్ట్‌వేర్ పొర బాగుందని తెలుస్తది, పోర్టు సంగతి తెలవదు.’’

అసలు పరీక్ష పెట్టెకి పింగ్ కొట్టడం, అదీ ఆగకుండా. 192.168.1.1 వెనకాల ‘మైనస్ టీ’ పెడితే మనం ఆపేదాకా కొడుతూనే ఉంటుంది. తెర మీద వరసలు పైకి పాకుతున్నాయి. జవాబు, జవాబు, జవాబు, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, టైమ్డ్ అవుట్, జవాబు. ఇలా వస్తూ పోతూ ఉండే జబ్బు పూర్తిగా చచ్చినదానికంటే కష్టం. ఏం చేసినా కాసేపు బాగైనట్టే ఉంటుంది కనక, చివర చేసిన పనే వైద్యమని నమ్మేస్తాం.

జనం ఎదురుచూస్తున్నారు. అమ్మాయి తన ఫోనుని ఛార్జింగ్ వైరుతో డెస్క్‌టాప్‌కి గుచ్చి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కింది. ఫోన్లో నెట్టు కంప్యూటరులోకి వచ్చేసింది. పెద్దాయన ఫైలు వంద శాతం ఎక్కింది. కాలేజీ దరఖాస్తు కూడా అయిపోయింది. రశీదులు ప్రింటయ్యాయి. చూడ్డానికి చిన్న ఉపాయమే గానీ దీంతో రెండు పనులు నెరవేరాయి. ఆ రోజు బేరం పోలేదు. విండోస్, బ్రౌజరు, యాంటీవైరస్ అన్నీ సవ్యంగానే ఉన్నాయని కూడా రుజువైంది. తప్పంతా ఆ ఒక్క పోర్టు దారిలోనే.

అదే ఫోను నెట్టుతో మదర్‌బోర్డు తయారీదారు సైటు నుంచి సరైన డ్రైవరు దింపుకుంది. డివైస్ మేనేజర్లో పాతది తీసేసి కొత్తది వేసింది. ల్యాన్ అడాప్టర్ మీద రెండు నొక్కులు నొక్కితే వచ్చే కిటికీలో పవర్ మేనేజ్‌మెంట్ దగ్గర ఒక టిక్కు ఉంటుంది. కరెంటు పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చని కంప్యూటరుకి మనం ఇచ్చే అనుమతి అది. ఆ టిక్కు తీసేసింది. చాలా ఇళ్లలో ‘నెట్టు మాటిమాటికీ పోతోంది’ అనే గోల ఈ ఒక్క టిక్కుతోనే తీరిపోతుంది. ఇక్కడ తీరలేదు. పింగు మళ్లీ తెగింది.

తర్వాత స్పీడ్ అండ్ డూప్లెక్స్ అనే వరస. ఆటో అని ఉన్నదాన్ని 100 ఎంబీపీఎస్ ఫుల్ డూప్లెక్స్‌కి మార్చింది. దీని వెనక కథ ఉంది. వైరు గుచ్చగానే రెండు కొసల చిప్పులూ ముందు వేగం మీద బేరమాడుకుంటాయి. రొయ్యల కౌంటు చూశాక రైతూ, ఏజెంటూ ఒక రేటుకి దిగినట్టు, ఇద్దరికీ కుదిరే పెద్ద వేగానికి ఒప్పుకుంటాయి. ఒక గిగాబిట్ కావాలంటే నాలుగు జతల తీగలూ బాగుండాలి. 100 మెగాబిట్లకి రెండు జతలు, అంటే 1, 2, 3, 6 పిన్నులు చాలు. మిగతా జతల దారిలోనే దెబ్బ ఉంటే వేగం తగ్గించగానే లింకు నిలబడాలి.

నిలబడింది. పది నిమిషాలు దాటాయి. యజమాని టీ చెప్పాడు. ఆ టీ వచ్చేలోగా అసలు అడాప్టర్ పేరే డివైస్ మేనేజర్లోంచి మాయమైంది. లింకు తెగడం వేరు, పేరే పోవడం వేరు. పోర్టు దాకా వచ్చే తీగ సంగతి కాదిక. చిప్పే మదర్‌బోర్డుకి జవాబు చెప్పడం మానేసింది.

‘‘ప్లగ్గు పీకండి బాబాయ్. పీకాక పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకోండి.’’

‘‘కరెంటే లేదుగా, బటన్ నొక్కితే ఏమొస్తది?’’

వచ్చేది కాదు, పోవాల్సింది ఉంది. డెస్క్‌టాప్‌ని షట్‌డౌన్ చేసినా ఎస్ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకి అందుతూనే ఉంటుంది. నెట్‌వర్క్ ద్వారా కంప్యూటరుని నిద్రలేపే వీలు కోసం ల్యాన్ చిప్పు దాని మీదే మేలుకుని ఉంటుంది. కంప్యూటరు ఆపినా పోర్టు దగ్గర దీపం వెలుగుతుండటం మీరు చూసే ఉంటారు. అందువల్ల రీస్టార్టులు ఎన్ని కొట్టినా బిగుసుకుపోయిన చిప్పు అలాగే ఉండిపోతుంది. ప్లగ్గు పీకి, మిగిలిన కరెంటు కూడా ఖాళీ చేస్తేనే అది మొదట్నించీ మొదలవుతుంది. ఇంట్లో ల్యాన్ అడాప్టర్ ఉన్నట్టుండి కనబడకుండాపోతే, మెకానిక్‌ని పిలిచేముందు మీరే చేసి చూడదగ్గ పని ఇది.

పేరు తిరిగొచ్చింది. లింకూ వచ్చింది. ఈసారి ఆమె సంబరపడలేదు, యజమాని కూడా పడలేదు. బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. అందులో లినక్స్ ఉంది. హార్డ్‌డిస్కుని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. ఇక్కడ విండోస్ లేదు, దాని డ్రైవరు లేదు, దాని సెట్టింగులు లేవు. ఇందులో కూడా లింకు తెగితే సాఫ్ట్‌వేర్ మీద కేసు కొట్టేసినట్టే. కెర్నెల్ లాగ్ తెరిచి టీ తాగుతూ కూర్చుంది. తెల్ల అక్షరాలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. లింక్ ఈజ్ అప్. లింక్ ఈజ్ డౌన్. లింక్ ఈజ్ అప్. లింక్ ఈజ్ డౌన్.

‘‘ఇంక విప్పుదాం.’’

క్యాబినెట్ పక్క రేకు తీశారు. దుమ్ము మీద తేమ పట్టి బంకలా అతుక్కుంది. పోర్టుకి ఆనుకుని చిటికెన వేలి గోరంత నల్ల చదరం. ఆమె చూపుడువేలు పెట్టిన చోట మీరు టార్చి కొడితే, దాని మీద చెక్కిన చిన్న గుర్తు మెరుస్తుంది. పీత. తైవాన్ కంపెనీ ఒకదాని గుర్తు అది. లోకంలో ఎన్నో మదర్‌బోర్డుల మీద ఆ పీతే ఉంటుంది.

పెద్దాయన ఇంకా వెళ్లలేదు. వంగి చూసి, ‘‘మన పీతే! ఇందులోకి ఎప్పుడు దూరింది?’’ అన్నాడు. గదంతా నవ్వు.

‘‘పీతది తప్పు కాదు తాతా. దాన్ని మెరుపు కాటేసింది.’’ కంప్యూటరు నడుస్తుండగానే వేలు దగ్గరికి పోనిచ్చి చూపిస్తుంది. చుట్టూ ఉన్న చిప్పులు గోరువెచ్చగా ఉంటే, ఇది చెయ్యి ఆననివ్వడం లేదు. చల్లగా ఉన్నంతసేపు పనిచేస్తుంది, వేడెక్కగానే చేతులెత్తేస్తుంది. పొద్దుటి నుంచి జరుగుతున్నదంతా ఇదే.

అది ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతుంది. పిడుగు ఇంటి మీదే పడనక్కర్లేదు. దగ్గర్లో ఎక్కడ పడినా చాలు, మేడ మీద ఆరుబయట చాచి ఉన్న రాగి వైరులో క్షణంలో వెయ్యో వంతు కూడా పట్టని ఉరవడి పుడుతుంది. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్నెట్ ఆలోచనని కాగితం మీద పెట్టినప్పుడు తలుచుకున్నది ఒక భవనంలోపలి యంత్రాలనే. ఇప్పటి వైరులో తీగల్ని జతలు జతలుగా మెలిపెట్టడం చిన్నచిన్న రొదల్ని కొట్టేయడానికి. పోర్టు వెనకుండే బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు 1500 వోల్టుల పరీక్షకి నిలబడేలా చేస్తారు. మెరుపు ముందు ఆ లెక్క ఏ మూలకి? ట్రాన్స్‌ఫార్మర్ దాటి వచ్చిన దెబ్బ చిప్పుని ఒక్కసారిగా చంపకుండా, ఇలా కుంటుతూ నడిచేలా కూడా వదిలేయొచ్చు. పవర్ ప్లగ్గు పీకారు, నిజమే. కానీ ఆ రాత్రంతా నీలం వైరు గుచ్చే ఉంది.

‘‘ఫైబరు గాజుది గదమ్మా, దాంట్లోంచి కరెంటు రాదన్నారు?’’

‘‘ఫైబర్లోంచి రాదు బాబాయ్. పెట్టె దగ్గరే గాజు అయిపోయింది. అక్కడ్నించి ఇక్కడి దాకా రాగేగా.’’

ఇంక తీర్పు. చిప్పు ఊడదీసి కొత్తది అతికించొచ్చు. కానీ దానికి హాట్ ఎయిర్ మిషను ఉన్న పెద్ద ఊరికి బోర్డు పంపాలి. వారం పని, ఆపైన నమ్మకం లేదు. మదర్‌బోర్డు మార్చడం అంతకంటే దండగ, ల్యాన్ ఒక్కటి తప్ప అందులో అన్నీ దివ్యంగా ఉన్నాయి. బ్యాగులోంచి అమ్మాయి అట్టపెట్టె తీసింది. తెనాలిలో కొన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ గిగాబిట్ ల్యాన్ కార్డు. వెయ్యి రూపాయల లోపు సరుకు.

ముందు డిలీట్ మీట నొక్కి బయోస్‌లోకెళ్లి, ఆన్‌బోర్డ్ ల్యాన్ కంట్రోలర్‌ని డిసేబుల్ చేసింది. ఇది మరిచిపోతే విండోస్ పాత చిప్పుని పలకరిస్తూనే ఉంటుంది, అది మధ్యమధ్యలో ఇబ్బంది పెడుతూనే ఉంటుంది. తర్వాత ప్లగ్గు పీకి, ఒంట్లో స్టాటిక్ పోవడానికి క్యాబినెట్ ఇనుముని ఒకసారి తాకి, బోర్డు మీద అన్నిటికంటే పొట్టిగా ఉండే గాడిలో కార్డు నిలువుగా నొక్కింది. ‘టక్’మని కూర్చుంది. వెనక స్క్రూ బిగించింది.

అంతటితో వదల్లేదు. ఎండకి పెళుసెక్కిన వైరు కొస తెగ్గోసి, ఎనిమిది తీగలు విడదీసి, బొటనవేలితో సాపు చేసి వరస పెట్టింది. తెల్లచార నారింజ, నారింజ, తెల్లచార ఆకుపచ్చ, నీలం, తెల్లచార నీలం, ఆకుపచ్చ, తెల్లచార గోధుమ, గోధుమ. క్రింపింగ్ టూలుతో కొత్త కనెక్టరు నొక్కింది. ఇంకో కొస ఇంట్లో పెట్టె దగ్గర.

కంప్యూటరు లేచింది. కార్డుని విండోస్ తనంతట తనే గుర్తుపట్టింది. అడ్రసు 192.168తో వచ్చింది. పింగు పెట్టి వదిలేశారు. వరసలు పాకుతూనే ఉన్నాయి, మధ్యలో ఒక్కటీ తప్పలేదు. అరగంట తర్వాత కూడా తప్పలేదు. ‘‘కార్డు మారింది కాబట్టి మ్యాక్ అడ్రసు కూడా మారింది బాబాయ్. ఏదన్నా సాఫ్ట్‌వేర్ పాత అడ్రసుకి కట్టుబడి ఉంటే వాళ్లకి ఒక మాట చెప్పండి,’’ అని పరికరాలు సర్దుకుంది.

ఈ తీరానికి గాలివానలు కొత్త కాదు. 1977 నవంబరు 19 ఉప్పెన ఇక్కడి పెద్దలకు ఇంకా నిన్నటి మాటే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుపాను ముందుగా చెప్పి వస్తుంది, హార్బర్లో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేస్తారు. వేసవి సాయంత్రం ఉరుములకి ఏ నంబరూ ఉండదు. కాబట్టి ఇల్లు దాటి ఆరుబయట వెళ్లే ల్యాన్ వైరు ఉన్నవాళ్లు వీలైతే ఆ దూరాన్ని ఫైబరుతోనే వేయించుకోండి. వీలుకాకపోతే వాడనప్పుడు ఊడదీసి ఉంచండి. పోర్టు ఖాళీగా ఉంటే చిన్న రబ్బరు మూత పెట్టండి. నెట్టు వస్తూ పోతూ ఉంటే ముందు వైరు, తర్వాత పోర్టు, తర్వాత డ్రైవరు, ఆ తర్వాతే చిప్పు. ఈ వరస తప్పకండి. మదర్‌బోర్డు పోయిందని ఎవరైనా ఫోన్లోనే తేల్చేస్తే నమ్మకండి. మెరుపు కనిపించిన రాత్రి కంప్యూటరుకి వెళ్లే రెండు వైర్లూ పీకండి. కరెంటు వైరు ఒక్కటే పీకితే సగం తలుపు మూసినట్టే.